ఆఖరి రీలుకు పట్టిన చెదలు

ఫరాసుదిబ్బలో పేరి తాతారావు ఇంట్లో పొద్దుటి కాఫీ తాతారావే పెడతాడు. అది ఆయన మంచితనమని కొందరూ, పెళ్ళామంటే భయమని మరికొందరూ అంటారు. రెండూ తప్పే. అది కేవలం తాత్కాలిక ఏర్పాటు. ఒక వివాదం తేలవలసి ఉంది. తేలేదాకా కాఫీ బాధ్యత ఆయనది. తేలడం కాస్త ఆలస్యమై ముప్పై ఏళ్ళు దాటిపోయింది.

వివాదం పెళ్ళయిన కొత్తలోనే మొదలైంది. తాతారావు అప్పుడే మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేరాడు. రంగుపెన్సిళ్ళు తప్ప ఆస్తిపాస్తులేమీ లేవు. పేరిందేవికి అంతకుముందు రైసుమిల్లు వాళ్ళ సంబంధం వచ్చింది. ఇంటిల్లిపాదీ దానికే మొగ్గారు. ఆ పిల్ల మాత్రం డ్రాయింగు మాస్టారినే చేసుకుంటానని మొండికేసింది. ఆ సంతోషంలో తాతారావు ఆమెని కిరణ్మయి టాకీసుకి ఇంగ్లీషు సినిమాకి తీసుకెళ్ళాడు.

ఎవరో ఫ్రెంచి మహానుభావుడు రాసిన లావుపాటి నవలని హాలీవుడ్ వాళ్ళు నలుపు తెలుపుల్లో తీసిన సినిమా అది. ఫరాసుదిబ్బలో ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు గిడ్డంగి కట్టుకుని, కొన్నాళ్ళు గోదారి దోమలతో పోరాడి, చివరికి గిడ్డంగిని దోమలకే రాసిచ్చి పడవెక్కి వెళ్ళిపోయారు. అప్పట్నించీ ఫ్రెంచి సరుకేదైనా అది తమదేనని ఊరివాళ్ళ నమ్మకం. అందుకని ముక్క అర్థం కాకపోయినా హాలు కిటకిటలాడింది.

కథ చిన్నదే. ఆదలీన్ అనే పిల్ల టోపీలు కుట్టుకుని బతుకుతూ ఉంటుంది. గస్పార్ అనే చిల్లిగవ్వ లేని సైనికుణ్ణి ప్రేమిస్తుంది. బగ్గీలో తిరిగే ఒక పెద్ద ప్రభువు ఆమెని చేసుకుంటానంటాడు. వయసు మళ్ళినవాడే గాని మంచివాడు, ఆ పిల్ల తమ్ముళ్ళని చదివిస్తానంటాడు కూడా. ఆఖర్న రేవులో ఓడ కూత వేస్తుంది. ఓడ మీద గస్పార్, ఒడ్డున బగ్గీ. ఆదలీన్ ఒక కాలు ఓడెక్కే బల్ల మీద పెట్టింది, ఒక కాలు నేలమీదే ఉంచింది, వెనక్కి తిరిగి చూసింది.

కరెంటు పోయింది.

హాలు యజమాని అబ్బులు టార్చిలైటు పట్టుకుని వచ్చి, "ఎవరూ కంగారు పడకండి, రేపు మ్యాట్నీకి రండి, ఆఖరి రీలు ఊరకనే చూపించేత్తాను" అని హామీ ఇచ్చాడు. మర్నాడు మ్యాట్నీకి వెళితే సినిమా పెట్టెలు అప్పటికే తణుకు వెళ్ళిపోయాయి.

"ఎక్కేసే ఉంటుందండి," అంది పేరిందేవి రిక్షాలో.

"ఎలా ఎక్కుతుంది? తమ్ముళ్ళ మాటేమిటి? బగ్గీ దగ్గరికి వెళ్ళిపోయి ఉంటుంది. తెలివైన పిల్ల," అన్నాడు తాతారావు.

"నేనైతే ఎక్కేసేదాన్ని."

"నీకు సినిమాలు తెలీవు."

రిక్షా ఇల్లు చేరేలోపల పందెం పడిపోయింది. ఓడినవాళ్ళు బతికున్నంతకాలం పొద్దున్నే కాఫీ పెట్టాలి. తేలేదాకా ఎవరు పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. "మీరు పెట్టండి, రేపో ఎల్లుండో తేలిపోతుందిగా," అంది పేరిందేవి. తాతారావు కూడా అలాగే అనుకున్నాడు.

తర్వాత ఊళ్ళోకి టీవీలు వచ్చాయి, వీడియో షాపులు వచ్చాయి, ఆ సినిమా మాత్రం రాలేదు. తాతారావు రిటైరయ్యాడు. రిటైరైన మర్నాడే ఫరాసుదిబ్బ ఫిల్మ్ క్లబ్ అని బోర్డు రాసి, దానికి తనే కార్యదర్శి అయ్యాడు. ప్రపంచ సినిమాని ప్రజల చెంతకు తేవడం క్లబ్బు ఆశయమని బోర్డు కింద రాశాడు. అసలు ఆశయం ఒక్క రీలు. ఎక్కడెక్కడికో రాసి, ఎవరెవరినో బతిమాలి, చివరికి మద్రాసులో పాత సినిమాలు దాచుకునే ఒక పెద్దమనిషి దగ్గర ఆ సినిమా పెట్టెలు పట్టాడు. పెట్టెలు రైల్లో దిగిన రోజున తాతారావు నేలమీద నడవలేదు.

ఇంటికి రాగానే భార్యని వంటింట్లోకి పిలిచాడు.

"ఇదిగో, కాఫీపొడి ఈ డబ్బాలో ఉంటుంది. ఫిల్టరు అడుగున చిల్లులు పూడుకుపోతుంటాయి, గుండుసూదితో పొడవాలి."

"నాకెందుకండీ ఇవన్నీ?"

"ఆదివారం ఆట అయ్యాక పనికొస్తాయి."

"చూద్దాం లెండి," అంది పేరిందేవి. "ఆ పిల్ల ఎక్కకుండా ఎక్కడికి పోతుంది?"

అయితే ఆదివారానికి ముందు ప్రభుత్వం ఒకటి ఉంది. ఆ ఏడే ఒక అమాత్యులవారు పట్నంలో పౌరాణిక నాటకానికి వెళ్ళారు. భీముడు గద పట్టుకుని వస్తాడని ఎదురు చూస్తుంటే క్రికెట్ బ్యాటు పట్టుకుని వచ్చాడు. ఆధునిక ప్రయోగమట. అమాత్యులవారికి ఒళ్ళు మండింది. వారం తిరక్కుండా మూలగ్రంథ గౌరవ పరిరక్షణ మండలి వెలిసింది. ఇక మీదట ఏ కథనైనా ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చి ప్రదర్శించేవారు, అది మూలానికి విధేయంగా ఉన్నదని మండలి చేత ధ్రువీకరించుకోవాలి. జనానికి ఈ నియమం తెగ నచ్చింది. హోటళ్ళలో మూల పెసరట్టు దొరకసాగింది. మంగలి షాపులో మూల క్షవరం మొదలైంది. పెళ్ళిచూపుల్లో ఫోటో పక్కన పిల్లని నిలబెట్టి రెంటికీ తేడా వెతకడం మర్యాద అయింది. తాతారావు కూడా ఇదంతా బాగానే ఉందనుకున్నాడు. తన సినిమా కూడా ఒక నవల నుంచి వచ్చిందన్న సంగతి అప్పటికి ఆయనకి తట్టలేదు.

మండలికి తట్టింది. శుక్రవారం మధ్యాహ్నం కిరణ్మయి టాకీసు దగ్గర ఒక జీపు ఆగింది. అందులోంచి ముందు పెద్ద కాటా దిగింది, తర్వాత ఒక మనిషి దిగాడు.

"నమస్కారవండి. నా పేరు నూకరాజండి. మండలి తరఫున మూల పరీక్షకుణ్ణండి. మీ బొమ్మ తూచాలండి."

"సినిమాని తూచడమేమిటండీ?" అన్నాడు తాతారావు.

"పుస్తకం బొమ్మయ్యేటప్పుడు ఎంత పోయింది, ఎంత కలిసింది చూడాలి కదండీ. నేను తూనికలు కొలతల నుంచి డెప్యుటేషన్ మీదొచ్చానండి. ముందు కిరసనాయిలు డిపోలు చూసేవోణ్ణి. కొలతలో తేడా ఉంటే నా కళ్ళు ఇట్టే పట్టేత్తాయండి. ఏదండీ మూలం?"

మూలం ఫ్రెంచిలో ఉంది. ఫ్రెంచి ఫ్రాన్సులో ఉంది. అది తెప్పించేసరికి మద్రాసు పెద్దమనిషి పెట్టెలు వెనక్కి తెమ్మంటాడు. తాతారావు తల గోక్కుని, క్లబ్బు బీరువాలోంచి ఒక పాత పుస్తకం తెచ్చి నూకరాజు చేతిలో పెట్టాడు.

ఆ పుస్తకం పేరు ఆదిలక్ష్మి. తాతల కాలంలో ఊళ్ళో ముక్కామల సోమలింగం అనే ప్లీడరు గారు కక్షిదారులు రాని రోజుల్లో ఆ ఫ్రెంచి నవలనే తెలుగులోకి తెచ్చారు. తెచ్చేటప్పుడు మరీ చెయ్యి చేసుకున్నారు. ఆదలీన్ ఆదిలక్ష్మి అయింది. గస్పార్ గజపతి అయ్యాడు. ప్రభువు జమీందారయ్యాడు, ఓడ రాజమండ్రి లాంచీ అయింది. మధ్యలో గోదావరికి వరద తెప్పించారు, గజపతి చేత ఏకాదశి ఉపవాసం చేయించారు, ఎవరికి కష్టం వచ్చినా సీసపద్యం చెప్పించారు. అందుకే పందెం తేల్చడానికి ఈ పుస్తకం పనికిరాదని తాతారావు ఏనాడో పక్కన పెట్టేశాడు.

"మూలం ఇదేనాండి?" అన్నాడు నూకరాజు.

ఇక్కడ తాతారావు ఒక్క మాట నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఆదివారం ఎల్లుండే. కాఫీపొడి డబ్బా కళ్ళముందు మెదిలింది.

"ఇదే," అన్నాడు.

నూకరాజు పుస్తకాన్ని ఒక సిబ్బెలో పెట్టాడు, రీళ్ళ డబ్బాలన్నీ రెండో సిబ్బెలో పెట్టాడు. పుస్తకం గాల్లోకి లేచి కాటా కొయ్యకి కొట్టుకుంది. నూకరాజు ముఖం నల్లబడింది.

"బాబోయ్! పుస్తకం కేజీ కూడా లేదండి. బొమ్మ చూత్తే బస్తా బియ్యమంత తూగుతుంది. ఈ మిగతా బరువంతా ఎక్కణ్ణించొచ్చిందండి? కల్తీ! నా సర్వీసులో ఇంత కల్తీ చూళ్ళేదండి. కిరసనాయిల్లో కూడా చూళ్ళేదు."

కేసు పెద్దదని తేలడంతో శనివారం మండలి అధ్యక్షులే స్వయంగా వేంచేశారు. వారి పేరు గండికోట విశ్వాధారం. ఎప్పుడో ఎక్కడో సన్మానంలో కప్పిన శాలువాని అప్పట్నించీ తీసినట్టు లేదు. కిరణ్మయి టాకీసులో మధ్యవరసన కూర్చుని, ఒళ్ళో ఆదిలక్ష్మి పుస్తకం తెరిచి, "ప్రదర్శన ఆరంభించవచ్చును. మండలి అభ్యంతరం వ్యక్తపరచినప్పుడల్లా నిలుపుదల చేయవలెను," అని సెలవిచ్చారు. పేరిందేవి కూడా జంతికల డబ్బాతో వచ్చి వెనక కూర్చుంది.

మొదటి అభ్యంతరం పేర్లు పడుతుండగానే వచ్చింది.

"మూలమందు నాయిక నామధేయము ఆదిలక్ష్మి. చిత్రమందు ఆదలీన్ అని ఉన్నది. పేరు మార్పును గూర్చి గెజిట్ ప్రకటన వెలువడినదా?"

"లేదండి," అన్నాడు తాతారావు.

"నమోదు చేసుకొనుడు," అన్నారు అధ్యక్షులు. నూకరాజు నమోదు చేసుకున్నాడు.

కాస్త కథ నడిచింది. గస్పార్ సత్రంలో కూర్చుని కోడితొడ కొరికాడు.

"నిలుపుడు! మూలమందు ఈ ఘట్టమున నాయకుడు ఏకాదశి ఉపవాసమున ఉన్నాడు. ఇది భక్తుల మనోభావములకు సంబంధించిన విషయము."

మరి కాస్త నడిచింది.

"నిలుపుడు! ఈపాటికి గోదావరికి వరద రావలసి ఉన్నది. ఏదీ?"

"అయ్యా, పారిస్‌లో గోదావరి ఎలా ఉంటుందండీ?" అన్నాడు తాతారావు ఉండబట్టలేక.

"అసలు పారిస్ ఎందుకు ఉండవలసి వచ్చినది అన్నదే మండలి ప్రశ్న."

వెనక నుంచి పేరిందేవి జంతిక కొరికిన చప్పుడు వినిపించింది. సాయంత్రానికి సగం సినిమా కూడా కాలేదు గాని అభ్యంతరాలకి కాగితాలు చాలలేదు. అధ్యక్షులు కళ్ళజోడు తుడుచుకుని, నాయికా నాయకులను సంజాయిషీ అడగకుండా చర్య తీసుకోవడం సహజ న్యాయానికి విరుద్ధమన్నారు. ఆదలీన్‌కీ, గస్పార్‌కీ షోకాజ్ నోటీసులు తయారయ్యాయి. చిరునామా తెలియనందువల్ల, వారు చివరగా కనిపించిన చోట అంటించాలని ఆదేశం. నూకరాజు నిచ్చెన వేసుకుని రెండు నోటీసులూ వెండితెర మీద అంటించాడు. గంటసేపు అందరూ ఎదురు చూశారు. ఎవరూ హాజరు కాలేదు.

"పిలిచిననూ రారైరి," అన్నారు విశ్వాధారం. "ఏకపక్షముగా విచారణ కొనసాగించవలసి ఉన్నది."

తాతారావు ఇక ఆగలేకపోయాడు. లేచి చేతులు జోడించాడు. "అయ్యా, తప్పు నాది. ఈ పుస్తకం మూలం కాదు. ఇది మన ప్లీడరు గారి అనువాదం. అసలు నవల ఫ్రెంచిలో ఉంది. తొందర కొద్దీ నేనే ఇది మూలమన్నాను."

నూకరాజు కాటా వైపు చూసుకున్నాడు. విశ్వాధారం మాత్రం చెక్కు చెదరలేదు.

"మండలి రికార్డులందు ఒకపరి మూలమని నమోదైనది మూలమే. ఫ్రెంచి భాషలో ఇట్టి కథయే మరొకటి ఉన్నచో, అది దీనికి అనుసరణ అయి ఉండును. అనుమతి లేకుండా అనుసరించిన ఆ రచయితకు కూడా నోటీసు పంపవలసి ఉన్నది."

"ఆయన పోయి వందేళ్ళయిందండి."

"వారసులకు పంపుడు."

అయినా మండలి నిర్దయమైనది కాదు. అధ్యక్షులు చివరికి ఒక దారి చూపించారు. చిత్రంలో లోపించినవాటిని ప్రదర్శన సమయంలో ప్రత్యక్షంగా పూరించినట్లయితే, ఒక్కసారికి మాత్రం అనుమతించవచ్చును. తాతారావు పరుగున వెళ్ళి ఊళ్ళో నాటక సమాజం వాళ్ళ కాళ్ళా వేళ్ళా పడ్డాడు. వాళ్ళు ఎగిరి గంతేశారు. వాళ్ళ హార్మోనియం మోగి చాలా కాలమైంది.

ఆదివారం పొద్దున్నే ఆట మొదలైంది. ఊరు ఊరంతా వచ్చింది. తెరమీద ఆదలీన్ టోపీ కుడుతూ నిట్టూర్చింది. రీలు ఆగింది. తెరముందు నాటకం ఆదిలక్ష్మి వచ్చి, ఆ నిట్టూర్పుకి మూలంలో ఉన్న సీసపద్యం రాగం తీసి పాడింది. జనం వన్స్‌మోర్ అన్నారు. ఆమె మళ్ళీ పాడింది. గస్పార్ కోడితొడ ఎత్తగానే ఒక ఆసామి అరటిగెల పట్టుకుని వచ్చి, సరిగ్గా తొడకి అడ్డంగా నిలబడ్డాడు. గస్పార్ తల తిప్పితే ఈయనా గెల తిప్పాడు. వరద ఘట్టానికి మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకరు వచ్చింది. గొట్టం అదుపు తప్పి మొదటి మూడు వరసలు మునిగాయి. ఇంత సహజంగా వరద వస్తుందనుకోలేదని తడిసినవాళ్ళే మెచ్చుకున్నారు.

చిక్కల్లా ముద్దు దగ్గర వచ్చింది. హాలీవుడ్ వాళ్ళు ఆదలీన్, గస్పార్‌ల చేత పెద్ద ముద్దే పెట్టించారు. మూలంలో ప్లీడరు గారు ఆ చోట "గజపతి దూరముగా నిలిచి నమస్కరించెను" అని రాశారు. అందుకని ఇద్దరు మనుషులు తెరకి అడ్డంగా పంచె పట్టుకున్నారు. పంచె ముందు గజపతి నిలబడి నమస్కారం పెట్టాడు. పంచె పల్చటిది. దాని వెనక ముద్దు సాగుతూనే ఉంది, ముందు నమస్కారమూ సాగుతూనే ఉంది. ముద్దు ఎంతకీ తెమలకపోవడంతో గజపతి రెండు చేతులూ నొప్పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, చివరికి సాష్టాంగపడ్డాడు. హాలంతా ఈలలే.

"ఏమండీ, సినిమా ఎప్పుడు మొదలవుతుంది?" అంది పేరిందేవి.

"మధ్యమధ్యలో వస్తోందిగా," అన్నాడు తాతారావు. ఆయన ధ్యాసంతా ఆఖరి రీలు మీదే ఉంది.

పులిహోర పొట్లాలయ్యాయి, టీలయ్యాయి, ఎండ చల్లబడింది. అప్పటికి ఆఖరి రీలు మొదలైంది. రేవు కనిపించింది. ఓడ కూత వేసింది. హాల్లో ఈలలు, కబుర్లు అన్నీ ఆగిపోయాయి. ఆదలీన్ నడిచి వచ్చింది. ఒక కాలు ఓడ బల్ల మీద పెట్టింది, ఒక కాలు నేలమీదే ఉంచింది, వెనక్కి తిరిగి చూసింది. తాతారావు పక్కన పేరిందేవి ముందుకి వంగి, కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, "ఎక్కు తల్లీ, ఎక్కు, ఆలోచించకు," అని గొణుగుతోంది.

"నిలుపుడు!"

లైట్లు వెలిగాయి. విశ్వాధారం లేచి నిలబడి పుస్తకం పైకెత్తి చూపించారు. చివరి పేజీల చోట అట్టకీ కాగితానికీ మధ్య జల్లెడ లాంటిది వేలాడుతోంది. క్లబ్బు బీరువా గోడ వైపుకి ఉండేది. గోడకి చెమ్మ ఉండేది.

"మూలము ఇచ్చటితో సమాప్తము," అన్నారు.

"సమాప్తం కాలేదండీ! చెదలు తినేశాయి," అని అరిచాడు తాతారావు.

"సత్యము. చెదలు మూలమును భుజించినవి. కావున ప్రస్తుతము మూలమనగా చెదలు భుజించగా మిగిలినది. అంతకు మించి ఒక్క అడుగు చూపినను అది మూలాతిక్రమణమగును."

"ఇంకో రెండు నిమిషాలు! ఆ పిల్ల ఎటు వెళ్తుందో చూపించి ఆపెయ్యండి."

"ఎటును వెళ్ళరాదు. మూలమందు వెళ్ళలేదు."

"ముప్పై ఏళ్ళుగా నేను కాఫీ పెడుతున్నానండీ!"

విశ్వాధారం కళ్ళజోడు మీదుగా ఆయన్ని చూశారు. "కాఫీ మండలి పరిధిలోనికి రాదు," అన్నారు. తర్వాత, మిగులు ఫిల్మును క్లబ్బు కార్యదర్శి స్వహస్తములతో కత్తిరించి, తూచి, సీలు వేసి, మండలి రికార్డు గదిలో భద్రపరచవలెనని ఆదేశించారు. ఆ గదిలో చెదలు మిక్కిలి సమర్థమైనవనీ, కాలక్రమమున చిత్రమూ మూలమూ సంపూర్ణ సమానత్వము పొందగలవనీ ఆశాభావం వ్యక్తం చేసి జీపెక్కారు.

జనం మాత్రం సంతోషంగానే ఇళ్ళకి పోయారు. వాళ్ళకి పద్యాలూ వరదా దక్కాయి. తాతారావు కత్తెర తీసుకుని ఆపరేటరు గదిలోకి వెళ్ళాడు. వెనకే నూకరాజు చిన్నకాటా పట్టుకుని వచ్చాడు.

ఎక్కడ కత్తిరించాలో తెలియాలంటే ఫిల్ముని దీపానికి ఎదురుగా పట్టుకుని చూడాలి. ఆ సంగతి మండలి ఆలోచించలేదు. తాతారావు పట్టుకుని చూశాడు. చిన్నచిన్న బొమ్మలు. బల్ల మీద కాలు. బల్ల మీద కాలు. వేళ్ళ మధ్య ఫిల్ము జరిపాడు. కాలు బల్ల మీద నుంచి లేచింది. ఆదలీన్ ఓడకి వీపు పెట్టింది. బగ్గీ తలుపు తెరుచుకుంది. ఆమె అందులో కూర్చుంది. గుర్రాలు కదిలాయి. తర్వాత సమాప్తం అని ఇంగ్లీషు అక్షరాలు.

గెలిచాడు. ముప్పై ఏళ్ళ తర్వాత తాతారావు గెలిచాడు. "చూశావుటే!" అని కేకెయ్యడానికి నోరు తెరిచి, కింద హాల్లోకి చూసే కంతలోంచి తొంగి చూశాడు. హాలంతా ఖాళీ. పేరిందేవి ఒక్కతే జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఇంకా తెల్లటి తెరవైపే చూస్తోంది. తెరమీదికి ఎవరో ఒకరు రాకపోతారా అన్నట్టు కూర్చుంది. కుర్చీలో ఇంకా ముందుకే వంగి ఉంది.

తాతారావు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. రైసుమిల్లు సంబంధం గుర్తొచ్చింది. ఆ మిల్లువాళ్ళకి కూడా ఆ రోజుల్లో గుర్రబ్బండి ఉండేది. అటు బండి, ఇటు రంగుపెన్సిళ్ళ డ్రాయింగు మాస్టారు. ఈ పిల్ల అప్పుడు రెండో కాలు కూడా ఎత్తి బల్ల మీద పెట్టేసింది. పెట్టిన నెల తిరక్కుండా మొగుడు రిక్షాలో కూర్చుని, తెలివైన పిల్లయితే బగ్గీ ఎక్కుతుందన్నాడు. ఆ తర్వాత రోజూ, కాఫీ గ్లాసు చేతికిస్తూ మరీ, అదే మాట ముప్పై ఏళ్ళుగా అంటున్నాడు. తాతారావుకి సిగ్గేసింది. తన మీద తనకి కోపం కూడా వచ్చింది.

నూకరాజు ఆయన భుజం మీదుగా ఫిల్ము చూస్తున్నాడు. "అయ్యయ్యో! ఎక్కలేదండీ బాబూ, బండెక్కెళ్ళిపోయింది!"

"నూకరాజు గారూ, మీరేం చూశారు?"

నూకరాజు ఆయన ముఖం చూశాడు, కంతలోంచి కిందికి చూశాడు, ఫిల్ము ముక్కని కాటాలో పెట్టాడు.

"మూలంలో లేంది నేనెలా చూత్తానండీ?" అన్నాడు. తూచాడు, చుట్టాడు, డబ్బాలో పెట్టి లక్క సీలు వేశాడు.

కిందికి వచ్చాక పేరిందేవి అడిగింది. "కత్తిరించేటప్పుడు చూశారా?"

"చూశాను."

"ఏం చేసింది?"

"ఎక్కేసింది," అన్నాడు తాతారావు. "వెనక్కి తిరిగి చూసింది గాని, అది పడిపోయిన చేతిరుమాలు కోసం. పరిగెత్తుకుంటూ ఎక్కేసింది. నేను ఓడిపోయాను."

పేరిందేవి డబ్బాలో మిగిలిన ఒక్క జంతికా తీసి ఆయన చేతిలో పెట్టింది. ఇద్దరూ రిక్షా ఎక్కారు.

కొన్నాళ్ళకి మండలి నుంచి ధ్రువపత్రం వచ్చింది. తాతారావు వంటింట్లో ఫిల్టరు చిల్లులు గుండుసూదితో పొడుస్తున్నాడు. పేరిందేవి వరండాలో కూర్చుని పైకి చదివింది. "సదరు చిత్రము మూలమునకు విధేయముగా ఉన్నదనియు, సదరు కథకు అంతము లేదనియు, నాయిక ఓడ యెక్కలేదనియు బగ్గీ యెక్కలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కాగితం మడిచి గుమ్మం వైపు చూసింది.

"ఏమండీ, ఎక్కలేదని సర్కారువారే రాశారు. మీరేమో ఎక్కిందన్నారు. నిజంగానే ఎక్కిందా?"

తాతారావు కాఫీ గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఈసారి బగ్గీ మాట ఎత్తలేదు.

"ఎక్కకపోతే," అన్నాడు, "నాకీ కాఫీ పెట్టే ఉద్యోగం ఎక్కణ్ణించి వచ్చేదే?"

పేరిందేవి ఆయన ముఖం వైపు చాలాసేపు చూసింది. కళ్ళు చెమర్చాయేమో, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ తర్వాత కాఫీ ఒక గుక్క తాగింది.

"డికాక్షన్ పల్చబడిందండి," అంది.

తాతారావు గ్లాసు తీసుకుని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాడు.